మిద్దె మీద అల్యూమినియం ఫ్రేమ్‌కి రంగు వేయడం ఎలా

మా అక్క కొడుకు చెన్నైలో సెకండ్ హ్యాండ్ సుజుకి హయబుస బైకు కొన్నాడు. ఇంజన్ బాగుంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి. కానీ పాత ఓనరు ఇల్లు తిరువాన్మియూరులో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల. బండి తిరుపతికి తెచ్చి మా ఇంటి ముందు స్టాండ్ వేశాక ట్యాంకు కింద ఫ్రేమ్ మీద వేలు పెట్టి చూపించాడు. "మామా, పెయింట్ లోపల పురుగు పాకినట్టు గీతలున్నాయి, చూడు." నిజమే. సన్నని దారాల్లా, వంకర్లు తిరుగుతూ, పెయింట్‌ని లోపలి నుంచి కొద్దిగా పైకి లేపి ఉన్నాయి. ఒకదాని మీద గోటితో గీకితే పొర ఊడింది. కింద నుంచి ముగ్గుపిండి లాంటి తెల్లటి పొడి రాలింది.

అది అల్యూమినియం తుప్పు. ఇనుము ఎర్రగా తుప్పు పడితే ఇది తెల్లగా పడుతుంది. బూటు రాసుకుని పెయింట్ లేచిపోయిన చోట ఉప్పుగాలి దూరుతుంది. అక్కడి నుంచి పెయింట్ కిందే దారి చేసుకుంటూ పోతుంది. పైన ఎంత ఖరీదైన రంగు కొట్టినా ఆ దారి ఆగదు, ఏడాది తిరిగేసరికి కొత్త రంగునూ లేపేస్తుంది. కాబట్టి పూర్తిగా విప్పి, లోహం దాకా వెళ్ళి, మొదటి నుంచి చేయాల్సిందేనని వాడికి చెప్పాను.

నేను సెట్టిపల్లె రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో పెయింటర్‌గా చేసి రిటైరయ్యాను. 30 ఏళ్ళు బోగీలకు రంగులు వేశాను, అంటే జీవితమంతా ఇనుముతోనే గడిచింది. అల్యూమినియం దగ్గరికి వచ్చేసరికి చాలా సంగతులు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. ఈ ఫ్రేమ్‌కి మా మిద్దె మీద మాఘమాసంలో 12 రోజులు పట్టింది. చేసింది చేసినట్టు రాస్తున్నాను.

ఇనుముకి చేసేది దీనికి చేయకండి

ముందు ఒక నష్టం సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మా అబ్బాయి డ్యూక్ బండి స్వింగ్ ఆర్మ్‌కి, అంటే వెనక చక్రాన్ని పట్టుకునే అల్యూమినియం చేతికి, రంగు తీయాలనుకున్నాను. గేట్లకీ గ్రిల్స్‌కీ చేసినట్టే బకెట్ నీళ్ళలో కాస్టిక్ సోడా కలిపి పాత బ్రష్‌తో పూశాను. రంగు మెత్తబడేలోపే అంచుల్లో నురగ మొదలైంది. వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు సుయ్‌మని చప్పుడు. దగ్గర చేయి పెడితే వేడి తెలుస్తోంది. గబగబా నీళ్ళు కొట్టి కడిగాను. వెండిలా ఉండాల్సిన లోహం మసిపట్టిన గిన్నెలా నల్లగా తేలింది, వేలితో తాకితే గరుగ్గా ఉంది. ఆ నురగ హైడ్రోజన్ వాయువు. కాస్టిక్ రంగుతో ఆగదు, అల్యూమినియంనే తింటుంది. యాక్సిల్ కూర్చునే గాడి అంచులు అరిగి గుండ్రమయ్యాయి. ఆ ఆర్మ్‌ని మళ్ళీ బండికి ఎక్కించడానికి నా మనసు ఒప్పలేదు. కొత్తది కొన్నాను.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే మిగతా పనంతా సులువుగా అర్థమౌతుంది. అల్యూమినియం గాలి తగిలిన మరుక్షణమే తన మీద తాను ఒక పొర కప్పుకుంటుంది. కంటికి కనపడదు కానీ చాలా గట్టిది. లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది, ఆ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. మన ఇడ్లీ పాత్రలు తరాల పాటు నిలిచేది ఆ పొర వల్లే. గాఢమైన క్షారం తగిలినా, పులుపు ఎక్కువసేపు నిలవున్నా ఆ పొర పోతుంది. చింతపండు పులుసు అల్యూమినియం గిన్నెలో ఉంచొద్దని మా అమ్మ అనేది ఇందుకే. లోహాన్ని కాపాడే ఆ పొరే రంగుకి మాత్రం అడ్డం. పాతబడిన పొర మీద రంగు వేస్తే పట్టు ఉండదు, గోటితో లాగితే తొక్కలా వచ్చేస్తుంది. ఆ పొరని గరుకు కాగితంతో తీసి, అది మళ్ళీ ముదిరేలోపు ప్రైమర్ వేసేయాలి. అల్యూమినియంకి రంగు వేయడంలో అసలు పని ఆ కొన్ని గంటలదే.

ఇంకొన్ని సంగతులు. ఇనుప తీగల బ్రష్ వాడొద్దు. దాని రవ్వలు మెత్తటి అల్యూమినియంలో గుచ్చుకుని ఉండిపోతాయి. తడి తగిలితే అవి ఎర్రగా తుప్పుపట్టడమే కాదు, చుట్టూ ఉన్న అల్యూమినియంనీ తినేస్తాయి. నైలాన్ బ్రష్ గానీ, ఇనుము మీద ఎప్పుడూ వాడని స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్ గానీ తీసుకోండి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఇనుము కోసం చేసింది, దీనికి వద్దు. రంగు కాల్చడానికి గ్యాస్ మంట అసలే పెట్టొద్దు.

పౌడర్ కోటింగ్ ఇచ్చేస్తే అయిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. పౌడర్‌ని ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. 6061 లాంటి అల్యూమినియం మిశ్రమాలకు ఫ్యాక్టరీలో బలం వచ్చేది కూడా 160 నుంచి 180 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచడం వల్ల. తయారైన ఫ్రేమ్‌ని మళ్ళీ అంతకన్నా ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే ఆ బలం తగ్గడం మొదలౌతుంది. వేడినీ టైమునీ కచ్చితంగా చూసుకునే చోట ఇబ్బంది రాకపోవచ్చు. గేట్లు కాల్చే ఓవెన్‌లోకి మాత్రం మావాడు ప్రాణం పెట్టి కూర్చునే ఫ్రేమ్‌ని నేను పంపను.

విప్పడం, కడగడం

విప్పడానికి రెండు రోజులు పట్టింది. ప్రతి వైరు దారినీ, ప్రతి బోల్టు చోటునీ ఫోన్‌లో ఫోటో తీయండి. బోల్టుల్ని ఒక్కో చోటివి ఒక్కో జిప్ కవర్లో వేసి పేరు రాయండి. అల్యూమినియంలో బిగించిన స్టీల్ బోల్టులు, అందులోనూ సముద్రపు ఊరి బండివి, పట్టేసి ఉంటాయి. ముందురోజు రాత్రే డబ్ల్యూడీ-40 లాంటిది కొట్టి వదిలేయండి. రాకపోతే మళ్ళీ కొట్టి ఇంకో పూట ఆగండి. బలం పెడితే బోల్టు విరగడమో, అల్యూమినియం మరలు చీరుకుపోవడమో జరుగుతుంది.

స్టీరింగ్ హెడ్ దగ్గర చెక్కి ఉన్న ఛాసిస్ నంబర్‌ని ఫోటో తీసి, దాని మీద రెండు వరసల టేప్ అంటించండి. ఆ అక్షరాలకు గరుకు కాగితం తగలకూడదు, తర్వాత మందంగా రంగూ పడకూడదు. ఆ నంబర్ చెరిగితే బండి అమ్మేటప్పుడు, ఫిట్‌నెస్‌కి వెళ్ళినప్పుడు చాలా పెద్ద తలనొప్పి. బండి రంగు మారితే ఆర్సీలో కూడా మార్పించుకోవాలి. మేము పాత రంగే వేశాం కాబట్టి ఆ టెన్షన్ లేదు.

గరుకు కాగితం పట్టేముందే జిడ్డంతా పోవాలి. ఈ వరస తప్పితే చైన్ గ్రీజు గీతల్లోకి దిగిపోతుంది, ఇక ఎంత తుడిచినా రాదు. గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చని నీళ్ళలో కలిపి, టూత్ బ్రష్‌తో వెల్డింగ్ మూలలన్నీ రుద్ది కడిగాం. పెట్రోల్‌తో, కిరోసిన్‌తో తుడవకండి, రెండూ సన్నని నూనె పొర వదిలి పోతాయి.

పాత రంగు తీయడం, పగుళ్ళు చూడడం

ఫ్యాక్టరీ పెయింట్ గట్టిగా పట్టి ఉన్నచోట పీకాల్సిన పని లేదు. దాని అంచుల్ని వాలుగా రుద్ది కలిపేస్తే చాలు, కంపెనీ వేసిన అడుగు పొరకన్నా మంచిది మనం ఇంట్లో వేయలేం. మా ఫ్రేమ్‌లో దారాల తుప్పు రెండు వైపులా పాకింది కాబట్టి మొత్తం తీసేశాం.

పెయింట్ రిమూవర్ కొనేటప్పుడు డబ్బా మీద అల్యూమినియంకి పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసి కొనండి. బ్రష్‌తో ఒకవైపుకే మందంగా పూసి, పైన పాలిథిన్ కవర్ కప్పి, ముడతలు లేచేదాకా ఆగి, ప్లాస్టిక్ గరిటెతో గీకండి. కచ్చితంగా ఆరుబయటే చేయండి. దాని ఆవిరి ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, పల్చటి గ్లౌజులు దానికి నిలవవు. కళ్ళద్దాలు పెట్టుకోకుండా మూత కూడా తీయొద్దు. ఒక చుక్క నా మణికట్టు మీద పడితే నిప్పు అంటుకున్నట్టు అయింది.

రంగు పోయి లోహం బయటపడ్డాక చాలామంది వెంటనే రుద్దడం మొదలుపెడతారు. దానికి ముందు ఒక పూట కేటాయించి పగుళ్ళు చూడండి. రంగు లేకుండా ఫ్రేమ్ మన కళ్ళముందు ఉండేది ఈ ఒక్కసారే. మూడు స్ప్రే డబ్బాల డై పెనెట్రెంట్ కిట్ దొరుకుతుంది. మొదటిది శుభ్రం చేసేది, రెండోది ఎర్ర ద్రవం, మూడోది తెల్లటి డెవలపర్. స్టీరింగ్ హెడ్ వెల్డింగుల మీద, స్వింగ్ ఆర్మ్ పివట్ చుట్టూ, ఇంజన్ కూర్చునే చెవుల దగ్గర ఎర్రది కొట్టి 15 నిమిషాలు ఆగాలి. పైన ఉన్నదంతా బట్టతో తుడిచి తెల్లది పల్చగా కొట్టాలి. పగులు ఉంటే దానిలో దాక్కున్న ఎరుపు తెల్లటి పొడి మీదికి సన్నటి గీతలా ఊరుతుంది. మేము చూసినప్పుడు ఎడమ వైపు ఒక వెల్డింగ్ దగ్గర చిన్న ఎర్ర చుక్క కనపడింది. మావాడి ముఖం మాడిపోయింది. శుభ్రంగా తుడిచి మళ్ళీ చేశాం. రెండోసారి రాలేదు, వెల్డింగ్ గాడిలో సరిగ్గా తుడవని ద్రవం అది. అసలు గీత వచ్చి ఉంటే రంగు మాట మర్చిపోయి వేరే ఫ్రేమ్ వెతుక్కోమనేవాణ్ణి. అల్యూమినియం ఫ్రేమ్‌కి వీధి చివర వెల్డింగ్ షాపులో టాక్ కొట్టించి ఎక్కకండి. ఆ వేడికి వెల్డింగ్ చుట్టుపక్కల లోహం మెత్తబడిపోతుంది.

గరుకు కాగితం, నీళ్ళ పరీక్ష

తెల్లటి తుప్పు ఉన్నచోట 120 నంబర్ కాగితంతో మొదలుపెట్టి, గుంటల అడుగున కూడా మెరిసే లోహం కనపడేదాకా రుద్దాలి. గుంటలో కొంచెం తెల్లపొడి మిగిలినా అక్కడి నుంచే మళ్ళీ మొదలౌతుంది. తర్వాత ఫ్రేమ్ మొత్తం 180, చివరగా 240. అంతకన్నా నున్నగా చేస్తే ప్రైమర్‌కి పట్టు దొరకదు. వేళ్ళు దూరని మూలలకు ముదురు ఎరుపు రంగు స్క్రబ్ ప్యాడ్ ముక్కలు కత్తిరించి వాడాం. గ్రైండర్ అసలు పట్టొద్దు, ఒక్క నిమిషంలో తీయకూడనంత తీసేస్తుంది.

వాటర్ పేపర్‌తో తడిగా రుద్దడమే మంచిది. సన్నటి అల్యూమినియం పొడి గాలిలో లేస్తే నిప్పు అంటుకునే సరుకు. ఇనుము గ్రైండింగ్ చేసే చోట, రవ్వలు లేచే చోట ఈ పని పెట్టుకోకండి. పొడిని పోగుపడనీయకండి.

ఇక నీళ్ళ పరీక్ష. దీన్ని ఎవరూ వదలొద్దు. రుద్దడం అయిపోయాక కడిగి, ఫ్రేమ్‌ని ఏటవాలుగా పెట్టి పైనుంచి చెంబుతో నీళ్ళు వదలండి. నీళ్ళు ఒకే దుప్పటిలా లోహం మీద పరుచుకుని అర నిమిషం చెదరకుండా నిలిస్తే శుభ్రమైనట్టు. తామరాకు మీద లాగా ముత్యాలు కట్టినా, మధ్యలో ఒక ద్వీపంలా ఆరిపోయినా అక్కడ జిడ్డుంది. మా ఫ్రేమ్‌కి మొదటిసారి కుడివైపు నాలుగు వేళ్ళ ముద్ర స్పష్టంగా కనపడింది. నీళ్ళు దాని చుట్టూ తిరిగి పోతున్నాయి. మావాడు తలకు కొబ్బరినూనె రాసుకుని, అదే చేత్తో ఫ్రేమ్ తిప్పాడు. ఆ నాలుగు వేళ్ళ మీద రంగు వేసి ఉంటే ఆరు నెలల్లో అచ్చంగా నాలుగు వేళ్ళ ఆకారంలోనే లేచేది. మళ్ళీ సబ్బు, మళ్ళీ 240, మళ్ళీ నీళ్ళు. ఆ తర్వాత నుంచి గ్లౌజులు లేకుండా ఎవరమూ దాన్ని ముట్టుకోలేదు.

చివరి కడుగుడు బోరు నీళ్ళతో చేయొద్దు. మా బోరు నీళ్ళు ఆరితే తెల్లటి ఉప్పు మరకలు పడతాయి, ఆ ఉప్పు ప్రైమర్ కింద ఉండిపోతే మనం తిరువాన్మియూరుని మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నట్టే. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల క్యాను తెచ్చి దానితో కడిగాం. పొడిబట్టతో అద్ది, ఎండలో పావుగంట పెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. ఒక బట్టతో తడిపి, అది ఆరకముందే రెండో పొడిబట్టతో లాగేయాలి. ఒకే బట్టతో తుడిస్తే జిడ్డు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంది తప్ప పోదు.

రంగు పడకూడని చోట్లకు టేప్ వేసే పని చివరి రుద్దుడుకి ముందే ముగించుకోండి. బేరింగ్ కప్పులు, మరలున్న రంధ్రాలు, స్వింగ్ ఆర్మ్ పివట్ లోపలి ముఖాలు, ఇంజన్ బోల్టులు ఆనే ముఖాలు, ఎర్త్ వైరు బిగించే చోటు. ఇంజన్ చెవుల మీద రంగు మందంగా ఉంటే బోల్టు బిగించినప్పుడు సరిపోయినట్టే ఉంటుంది. నాలుగు రోజులకు ఆ రంగు నలిగిపోయి బోల్టు వదులౌతుంది. రంధ్రాలకు మేము చెవుల్లో పెట్టుకునే ఫోమ్ బిరడాలు వాడాం, చక్కగా పట్టాయి.

ప్రైమర్

చివరి రుద్దుడు మొదలైన క్షణం నుంచి గడియారం నడుస్తున్నట్టే. నేను రెండు మూడు గంటల్లో ప్రైమర్ పడాలని పెట్టుకున్నాను. మధ్యలో భోజనం, నిద్ర పెట్టుకోవద్దు. సాయంత్రం రుద్ది పొద్దున ప్రైమర్ వేద్దామనుకుంటే పొద్దున మళ్ళీ రుద్దాలి.

అల్యూమినియంకి రెండు దారులున్నాయి. ఒకటి ఎచ్ ప్రైమర్, దీన్నే వాష్ ప్రైమర్ అంటారు. దీనిలోని ఫాస్ఫారిక్ ఆమ్లం లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకుంటుంది. చాలా పల్చగా, కింద లోహం ఇంకా లీలగా కనపడేంతే వేయాలి. రెండోది ఎపాక్సీ ప్రైమర్, రుద్దిన లోహాన్ని నేరుగా పట్టుకుంటుంది, నీటినీ ఉప్పునీ బాగా ఆపుతుంది. ఒకటికి రెండు వేస్తే ఇంకా గట్టిగా ఉంటుందని ఎచ్ ప్రైమర్ మీద ఎపాక్సీ వేసేవాళ్ళు ఉన్నారు. వేయకండి. కింది ఆమ్లం పై ఎపాక్సీని సరిగ్గా గట్టిపడనీయదు. ఏదో ఒకటే ఎంచుకోండి. నేను ఎపాక్సీ ఎంచుకున్నాను. ఉప్పు తిన్న ఫ్రేమ్‌కి ఆ కాపుదలే కావాలి. పైగా ఎచ్ ప్రైమర్లలో కొన్నింటిలో జింక్ క్రోమేట్ ఉంటుంది. దాన్ని రుద్దినప్పుడు లేచే పొడి క్యాన్సర్ తెచ్చే రకం, ఇంటి మిద్దె మీద అది వద్దు.

ఎపాక్సీలో హార్డనర్‌ని, అంటే దాన్ని గట్టిపరిచే ద్రవాన్ని, డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. గీతలున్న ప్లాస్టిక్ గ్లాసు తీసుకోండి, కంటి అంచనా పనికిరాదు. తొందరగా ఆరాలని హార్డనర్ ఎక్కువ పోస్తే పొర పెళుసౌతుంది. కలిపాక డబ్బా మీద చెప్పినంతసేపు ఊరనిచ్చి, అప్పుడే స్ప్రే గన్‌లో పోయాలి. మా ఫ్రేమ్‌కీ స్వింగ్ ఆర్మ్‌కీ రెండు పల్చటి పూతలకు అర లీటరు సరిపోయింది. గుంటలు మరీ లోతుగా ఉన్నచోట కొంచెం పుట్టీ పెట్టాం, అది కూడా ఎపాక్సీ ఆరిన తర్వాతే. వెల్డింగుల మీద మాత్రం పుట్టీ పెట్టకండి. రేపు పగులు వస్తే కనపడకుండా పోతుంది.

రోజు, గాలి, మాస్క్

మా వైపు ఈ పనికి మాఘం, ఫాల్గుణం మంచివి. ఆశ్వయుజ కార్తీకాల్లో వానలు, వైశాఖంలో మధ్యాహ్నం ఎండకు పెయింట్ గన్ నుంచి ఫ్రేమ్ దాకా వెళ్ళేలోపే ఆరిపోయి ఉప్పు కాగితంలా గరుగ్గా పడుతుంది. ఆషాఢం గాలి సంగతి చెప్పక్కర్లేదు. మాఘంలో ఒక్కటే జాగ్రత్త. రాత్రి మంచుకు లోహం చల్లబడి ఉంటుంది, పొద్దున్నే దాని మీద కంటికి కనపడని తేమ ఉంటుంది. ఫ్రేమ్‌ని ఎండలో పెట్టి, గ్లౌజు చేత్తో తాకితే చల్లదనం తెలియనప్పుడే మొదలుపెట్టాం. తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి పదకొండులోపు ముగించేవాళ్ళం. మిద్దె నేల తడిపితే దుమ్ము లేవదు. సాయంత్రం లైటు వేసి రంగు కొట్టొద్దు. వాన పడ్డ మర్నాడైతే మరీ వద్దు, ఉసిళ్ళు వచ్చి క్లియర్ కోట్‌లో, అంటే రంగు మీద చివరగా వేసే పారదర్శక పూతలో, అంటుకుపోతాయి.

ఇక మాస్క్ గురించి. దీన్ని నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. హార్డనర్ కలిపి వేసే పీయూ (పాలియురేథేన్) రంగులు, క్లియర్ కోట్‌లలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి వాసనతో తెలిసేవి కావు. ఒంటికి ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది, జీవితాంతం ఉబ్బసంగా మిగిలిపోవచ్చు. ముఖానికి తువ్వాలు కట్టుకున్నా, ఎన్-95 పెట్టుకున్నా అది ఆగదు. బయటి మంచి గాలిని పైపుతో అందించే హుడ్ ఉండాలి. నా దగ్గర ఉంది కాబట్టి నేను పీయూ వేశాను. దాని బ్లోయర్‌ని కింద వీధి వైపు పెట్టి, పైపు మిద్దె మీదికి లాగాం. మావాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. మీ దగ్గర అది లేకపోతే ప్రైమర్ దాకా ఇంట్లో చేసుకుని, పీయూ కోసం మంచి పెయింట్ బూత్ ఉన్న చోటికి తీసుకెళ్ళండి. లేదా హార్డనర్ లేని యాక్రిలిక్ రంగు వేసుకోండి, థిన్నర్ ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ మాస్క్‌తో. దానికి పెట్రోల్ పడితే మరక పడుతుంది, అప్పుడప్పుడు టచప్ చేసుకోవాలి. ఊపిరి కన్నా అది పెద్ద కష్టం కాదు.

పక్కింటి దండెం మీద బట్టలున్నాయేమో చూసి, చెప్పి తీయించండి. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, మెట్ల మీదుగా ఇంట్లోకి దిగుతుంది. మా ఆవిడ ఆ నాలుగు రోజులూ మిద్దె తలుపు మూసి, రంగు వాసన పూర్తిగా పోయాకే దేవుడి గదిలో దీపం పెట్టింది.

రంగు

ఇక్కడికి వచ్చేసరికి కష్టం అయిపోయింది. ఎపాక్సీ ఆరాక 400 వాటర్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, తుడిచి, రంగు కొట్టాం. ఎపాక్సీ మీద తర్వాతి పూతకు డబ్బా మీద గడువు రాసి ఉంటుంది, అది దాటితే తప్పనిసరిగా రుద్దాలి. గన్ నాజిల్ 1.3 లేదా 1.4 మిల్లీమీటర్లు, దూరం ఒక జానెడు. కంప్రెసర్‌కి తేమ పట్టే ఫిల్టర్ ఉండాలి, లేకపోతే రంగులో నీటి చుక్కలు పడతాయి. ముందు లోపలి మూలలు, వెల్డింగ్ కింది వైపులు కొట్టి, వెడల్పు ముఖాలు చివరికి ఉంచుకోండి. తిరగేసి చేస్తే మూలల కోసం కొట్టిన రంగు ముఖాల మీద గరుగ్గా పడుతుంది. మూడు పల్చటి పూతలు, మధ్యలో 10 నుంచి 15 నిమిషాలు ఆగుతూ. మొదటి పూతలో కింది ప్రైమర్ కనపడుతుంటే కంగారుపడొద్దు. ఒకేసారి కప్పేయాలని చూస్తే కారుతుంది. చిన్న చిన్న గుంటలు, చేప కన్నుల్లా విచ్చుకుంటే అక్కడ సిలికాన్ జిడ్డుందని అర్థం. పైన ఇంకా కొట్టి కప్పేయకుండా, ఆరనిచ్చి, రుద్ది, తుడిచి మళ్ళీ వేయండి. టైరు పాలిష్, చైన్ స్ప్రే డబ్బాలు ఆ రోజుల్లో మిద్దె మీదికే రానీయకండి.

క్లియర్ రెండు పూతలు వేశాం. మెరుపు తక్కువ ఉండే రకం తీసుకున్నాం, కంపెనీ ఫ్రేమ్‌కి దగ్గరగా ఉందని మావాడికి నచ్చింది. టేప్‌ని రంగు పూర్తిగా గట్టిపడకముందే మెల్లగా వాలుగా లాగి తీయాలి.

బిగించడం

చేతికి ఆరినట్టు ఉండడం వేరు, లోపల గట్టిపడడం వేరు. వారం రోజులు ఫ్రేమ్‌ని పాత దుప్పట్ల మీద పెట్టి ముట్టుకోలేదు. బిగించేటప్పుడు ప్రతి స్టీల్ బోల్టుకీ, పట్టేయకుండా ఉండే యాంటీ సీజ్ పేస్ట్ కొంచెం రాశాం. దాంతో బోల్టు జారుడుగా తిరుగుతుంది, అదే టార్క్‌కి (తిప్పే బలానికి) ఇంకా ఎక్కువ బిగుసుకుంటుంది. అందుకని సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినదానికన్నా కొంచెం తక్కువలోనే ఆపాలి, అల్యూమినియం మరలు ఎక్కువ బలానికి ఓర్చుకోవు. ఎర్త్ వైరు చోటు మెరుస్తూ ఉండాలి, బిగించాక దాని మీద కొంచెం గ్రీజు. హార్నెస్ వైర్లు ఫ్రేమ్‌కి రాసుకునే చోట పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాం. అక్కడే కొత్త రంగు ముందుగా అరిగిపోతుంది.

మావాడికి బండి బయటికి తీసిన మొదటి రోజే కాణిపాకం వెళ్ళి పూజ చేయించాలని ఆశ. మూడు వారాలు ఆగమన్నాను. పూజలో పసుపు కుంకుమ తడిచేత్తో పెడతారు, కొబ్బరినీళ్ళు చల్లుతారు, కర్పూర హారతి ట్యాంకు దగ్గరే తిప్పుతారు. పూర్తిగా గట్టిపడని క్లియర్‌లో కుంకుమ రంగు ఇంకిపోతే మళ్ళీ రాదు. మూడు వారాల తర్వాత ఆదివారం పొద్దున బయల్దేరాం, వాడు బండి మీద, నేను వెనక కారులో. పూజారి గారు కుంకుమ చేత్తో ఫ్రేమ్ వైపు వస్తుంటే మావాడు నా వైపు చూశాడు. "పెట్టనీ, ఇప్పుడేం కాదు" అన్నాను. తిరిగొచ్చాక తడిబట్టతో తుడిచాం. మరక ఏమీ మిగల్లేదు.